తోకచుక్క తిరిగి వచ్చినదని ఎట్లు నిర్ధారింతురు?

ఆకాశమున తోకచుక్క కనబడినదనగానే గ్రామమున రచ్చబండ మొదలు చెరువుగట్టు వరకు అదియే ప్రసంగమగును. కరువు వచ్చునని కొందరు, రోగములు ప్రబలునని కొందరు అందురు. తమ తాతల కాలమున వచ్చినదే మరల వచ్చినదని వృద్ధులు చెప్పుదురు. ఆ వార్త నిజమా, వచ్చినది పాతదా క్రొత్తదా, భయపడవలసినది ఏమైన కలదా అని ప్రజలు ప్రశ్నించునది తమ పంచాయతీ సభ్యులనే. అట్టి సమయమున సభ్యులు నిబ్బరముగా సమాధానము చెప్పగలుగుటకు, తోకచుక్కల రాకను శాస్త్రజ్ఞులు ముందుగా ఎట్లు గణింతురో, వచ్చిన పిదప అది అదియేయని ఎట్లు రుజువు చేయుదురో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

తోకచుక్క యనగానేమి?

పేరున చుక్క యను మాట ఉన్నను తోకచుక్క నక్షత్రము కాదు. మంచుగడ్డ, ధూళి, రాతి తునకలు కలిసి ముద్దయైన వస్తువది. ప్రసిద్ధమైన హేలీ తోకచుక్క యొక్క ముద్ద సుమారు 15 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు కలది. భూమివలెనే ఇదియు సూర్యుని చుట్టు తిరుగుచుండును. అయితే భూమి మార్గము ఇంచుమించు గుండ్రముగా నుండగా, ఇట్టి తోకచుక్క మార్గము మిక్కిలి సాగదీసిన కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. ఆ మార్గమునకే కక్ష్య యని పేరు.

సూర్యునికి దూరముగా నున్నంతకాలము ఆ ముద్ద చల్లబడి, నల్లనై, కంటికి కనబడక యుండును. సూర్యుని సమీపించినకొలది మంచు వేడికి ఆవిరియగును. దానితోపాటు ధూళి వెలువడును. ఆ ఆవిరిని, ధూళిని సూర్యకాంతియు, సూర్యునినుండి వెలువడు సూక్ష్మకణములును వెలుపలికి నెట్టివేయును. అదియే మనకు తోకగా కనబడును. బండి వెనుక లేచిన దుమ్మువలె తోక ఎల్లప్పుడు వెనుకనే సాగునని తలంపరాదు. అది సూర్యునికి ఎదురు దిక్కుననే చాచుకొనియుండును. అందువలన తోకచుక్క సూర్యుని దాటి మరలిపోవునపుడు తోక ముందును, ముద్ద వెనుకను నడచును.

200 సంవత్సరములలోపల ఒకసారి సూర్యుని చుట్టివచ్చు వానిని నియతకాలిక తోకచుక్కలందురు. కొన్ని 3, 4 సంవత్సరములకు, కొన్ని 70, 80 సంవత్సరములకు తిరిగి వచ్చును. ఇవిగాక వేలకొలది సంవత్సరములకుగాని తిరిగి రానివియు అనేకములు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన వైణు బప్పుగారు 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉన్నపుడు బోక్, న్యూకిర్క్ అను వారితోపాటు కనుగొన్న తోకచుక్క అట్టిది. దాని పునరాగమనమును మనముగాని మన మనుమలుగాని చూడజాలరు. కావున రాకను గణించుట, వచ్చినదని రుజువుచేయుట యను కార్యము నియతకాలిక తోకచుక్కల విషయముననే సాధ్యము.

రూపము సాక్ష్యము కాదు

తోకచుక్క కొన్ని మాసములు కనబడి అనేక సంవత్సరములు మాయమగును. మరల కనబడినది అదియేయని చెప్పుటకు ఆధారమేమి? పొడవైన తోకగాని, ప్రకాశముగాని ఆధారము కాజాలదు. ఒకే తోకచుక్క ఒకసారి మిక్కిలి ప్రకాశవంతముగను, మరియొకసారి మసకగను కనబడవచ్చును. అప్పుడు భూమి ఎచ్చట నున్నదను విషయముపై అది ఆధారపడియుండును.

1910లో జరిగినది ఇందుకు మంచి దృష్టాంతము. ఆ సంవత్సరము హేలీ తోకచుక్క వచ్చునని లోకమంతయు ఎదురుచూచుచుండెను. ఇంతలో జనవరి మాసముననే, ఎవరును గణింపని క్రొత్త తోకచుక్క యొకటి పగటివేళ సైతము కనబడునంతటి కాంతితో ఉదయించెను. హేలీ తోకచుక్క సూర్యునికి అతి సమీపమునకు వచ్చినది ఏప్రిల్ 20న. తరువాతి కాలమున తాము చిన్నతనమున హేలీ తోకచుక్కను చూచితిమని చెప్పినవారిలో పలువురు నిజముగా చూచినది జనవరినాటి తోకచుక్కనే యని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. వారు అసత్యమాడలేదు. చూచినది నిజమే, అది ఏదియో గుర్తించుటలోనే పొరపాటు జరిగినది.

చిరకాలము దేశాంతరమున నుండి వచ్చిన మనిషి యొకడు తాను ఫలానావారి వారసుడనని చెప్పి భూమి కోరినచో గ్రామ పెద్దలు ముఖము చూచి ఒప్పుకొందురా? పాత దస్తావేజులు తీయింతురు. వాని మాటలకును దస్తావేజులకును పొంతన కలదేమో పరికింతురు. తోకచుక్క విషయమునను అంతే. దాని దస్తావేజు దాని కక్ష్యయే. కక్ష్య ఎంత వాలుగా నున్నది, తోకచుక్క ఏ దిశగా తిరుగుచున్నది, సూర్యునికి ఎంత సమీపమునకు వచ్చుచున్నది, ఆ సమీప స్థానము ఏ దిక్కుననున్నది - ఈ గుర్తులు సరిపోయినపుడే పాతది తిరిగి వచ్చినదని శాస్త్రజ్ఞులు అంగీకరింతురు.

హేలీ చెప్పిన జోస్యము

పూర్వకాలమున తోకచుక్కల రాకను ఎవరును గణింపలేకపోయిరి. ఆరవ శతాబ్దమునకు చెందిన మన వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతువులను గూర్చి ఒక అధ్యాయమునే రచించెను. వాని ఉదయాస్తమయములు గణితమువలన తెలియరావని అందు స్పష్టముగా చెప్పెను. నాటి సాధనములతో అది యథార్థమే.

ఆ స్థితి మారినది ఇంగ్లండు దేశస్థుడైన ఎడ్మండ్ హేలీ వలన. ఆయన 1682లో ఒక తోకచుక్కను చూచెను. తరువాత న్యూటను కనుగొన్న ఆకర్షణ సూత్రములను ఉపయోగించి, పాత వ్రాతలలో లభించిన 24 తోకచుక్కల కక్ష్యలను గణించి 1705లో ప్రకటించెను. వానిలో 1531లో అపియన్ చూచినది, 1607లో కెప్లరు చూచినది, 1682లో తాను చూచినది ఇంచుమించు ఒకే త్రోవన నడచినట్లు తేలెను. మూడును గ్రహములు తిరుగు దిశకు వ్యతిరేక దిశలోనే తిరిగినవి. కావున అవి మూడు కావు, ఒక్కటియేయని నిశ్చయించి, అది మరల 1758లో రాగలదని హేలీ చెప్పెను.

ఇచ్చట సభ్యులు గమనింపవలసిన అంశమొకటి కలదు. 1531లోను, 1607లోను ఆ తోకచుక్కను చూచినవారు దాని స్థానములను తేదీలవారీగా వ్రాసియుంచిరి. ఆ వ్రాతలే లేకున్నచో హేలీ మేధస్సు ఎంతటిదైనను ప్రయోజనము లేకపోయెడిది. వ్రాసినవారికి తమ వ్రాత ఎవరికి ఉపయోగపడునో తెలియదు. ఐనను శ్రద్ధగా వ్రాసిరి.

సేద్యగాని కంటబడిన సత్యము

హేలీ గణనలో ఒక చిక్కు మిగిలియుండెను. 1531కిని 1607కిని నడుమ 76 సంవత్సరములకు మించిన కాలము పట్టగా, 1607కిని 1682కిని నడుమ 75 సంవత్సరములకు కొంచెము తక్కువ పట్టెను. ఒకే త్రోవన నడచు వస్తువునకు ఈ భేదమేల? పెద్ద గ్రహములైన గురుడు, శని దారిలో దానిని తమవైపునకు లాగుటయే కారణము. ఈ లాగుడు ఒకసారి తోకచుక్కను త్వరపరచును, ఒకసారి జాగుచేయును.

ఈ జాగును లెక్కించుటకు ఫ్రాన్సు దేశమున క్లేరో, లలాండ్ అను పండితులును, నికోల్ రేన్ లపోత్ అను విదుషీమణియు పూనుకొనిరి. గణనయంత్రములు లేని ఆ దినములలో సుమారు ఆరు మాసములు ఉదయము మొదలు రాత్రి వరకు చేతితోనే లెక్కలు కట్టిరి. గురుని వలన 518 దినములు, శని వలన 100 దినములు, మొత్తము 618 దినములు ఆలస్యమగునని తేల్చిరి. 1759 ఏప్రిల్ మధ్యభాగమున అది సూర్యునికి అతి సమీపమునకు వచ్చుననియు, ఒక మాసము అటునిటు కావచ్చుననియు క్లేరో 1758 నవంబరులో ప్రకటించెను.

యూరపులోని వేధశాలలయందు నిపుణులు వెదకుచుండిరి. కాని దానిని మొట్టమొదట కనుగొన్నవాడు వేధశాల ఉద్యోగి కాడు. జర్మనీలోని డ్రెస్డెన్ నగర సమీపమున ప్రోలిస్ గ్రామమున సేద్యము చేసుకొనుచు, స్వయముగా ఖగోళశాస్త్రము నేర్చుకొనిన పాలిట్జ్ అను రైతు, 1758 డిసెంబరు 25వ తేదీ రాత్రి తన దూరదర్శినితో దానిని చూచెను. ప్యారిస్ లో నెలల తరబడి వెదకిన మెస్సియేకు అది 1759 జనవరి 21న గాని కనబడలేదు. తోకచుక్క మార్చి 13న సూర్యుని సమీప స్థానమును చేరెను. క్లేరో చెప్పిన ఒక మాసపు గడువులోపలనే అది జరిగెను. హేలీ అప్పటికి 17 సంవత్సరముల క్రిందటనే మరణించియుండెను. ఆయన గౌరవార్థము ఆ తోకచుక్కకు ఆయన పేరే పెట్టిరి.

చుక్కలే సర్వే రాళ్ళు

ఇక రుజువుచేయు పద్ధతిని చూతము. పొలము కొలుచువారు సర్వే రాళ్ళను ఆధారముగా గైకొని హద్దులను నిర్ణయింతురుగదా. ఆకాశమున నక్షత్రములే సర్వే రాళ్ళు. వాని స్థానములు పట్టికలలో వ్రాయబడియున్నవి. ఫలానా తేదీన, ఫలానా గంట, నిమిషమున తోకచుక్క ఏయే నక్షత్రములకు ఎంత దూరమున నున్నదో కొలుతురు. ఇట్లు కనీసము మూడు వేర్వేరు సమయముల కొలతలున్నచో కక్ష్యను స్థూలముగా గణింపవచ్చును. దినములు గడచి కొలతలు పెరిగినకొలది కక్ష్య ఖచ్చితమగును.

కక్ష్య తెలిసిన పిదప తరువాతి రాకకు ముందుగా, ఏ దినమున అది ఆకాశమున ఎచ్చట నుండవలెనో పట్టిక తయారు చేయుదురు. ఇది ఒకవిధముగా తోకచుక్కకు పంచాంగము. ఆ పట్టిక ననుసరించి పెద్ద దూరదర్శినితో ఆ చోటును కొంత వ్యవధినిచ్చి రెండు మూడుసార్లు ఛాయాచిత్రములు తీయుదురు. నక్షత్రములు కదలక యుండును. తోకచుక్క మాత్రము చోటు మారును. కదలిన చుక్క కనబడినంత మాత్రమున పని ముగియదు. దాని వేగము, దిశ పట్టికతో సరిపోవలెను. మరుసటి రాత్రి, ఆ పై రాత్రి కూడ అది పట్టిక చెప్పిన చోటనే ఉండవలెను. వేరొక వేధశాలవారు చూచి అవుననవలెను.

ఇట్టి కొలతలన్నియు నేడు అమెరికాలోని కేంబ్రిడ్జి నగరముననున్న లఘుగ్రహ కేంద్రమునకు చేరును. తోకచుక్క రెండవ రాక రుజువైనపుడు దానికి శాశ్వత సంఖ్య నొసగుదురు. హేలీ తోకచుక్క సంఖ్య 1. అట్టి సంఖ్యలు పొందినవి నేటికి నాలుగువందలకు పైగా కలవు.

2వ సంఖ్య ఎంకే తోకచుక్కది. 1786, 1795, 1805, 1818 సంవత్సరములలో వేర్వేరు వ్యక్తులు చూచినది ఒకే తోకచుక్కయని జర్మను గణితజ్ఞుడైన ఎంకే తేల్చి, అది 1822లో మరల వచ్చునని చెప్పెను. ఆ సంవత్సరము జూన్ 2న ఆస్ట్రేలియాలోని పరమట్టా వేధశాలలో రూమ్కర్ దానిని సరిగా చూచెను. దాని పరిభ్రమణ కాలము సుమారు 3 సంవత్సరముల 4 మాసములు మాత్రమే. ఐతే అది ప్రతి పర్యాయము గ్రహముల లాగుడును లెక్కించిన పిదపకూడ సుమారు రెండున్నర గంటలు ముందుగా వచ్చుచుండుట ఎంకే గమనించెను. దీనికి కారణమును 1950లో అమెరికా శాస్త్రజ్ఞుడు విపుల్ వివరించెను. ముద్దనుండి ఆవిరి చిమ్ముటవలన, తారాజువ్వ నిప్పు చిమ్ముచు ఎగసినట్లు, ముద్దకు కొంచెము త్రోపు కలుగును. ఆ త్రోపు కొన్ని తోకచుక్కలను త్వరపరచును, కొన్నిటిని జాగుచేయును. నేటి గణనలో దీనిని కూడ చేర్చుదురు.

మద్రాసులో రెండు రాత్రులు

రుజువు ఎంత కఠినమైనదో తెలుపు ఉదంతమొకటి మన తెలుగు జిల్లాలకు నాటి రాజధానియైన మద్రాసు నగరముననే జరిగెను. 1826లో ఆస్ట్రియా సైనికాధికారి బియెలా కనుగొన్న తోకచుక్క సుమారు 6 సంవత్సరముల 8 మాసములకు ఒకసారి వచ్చుచుండెను. 1846లో అది రెండు తునకలై ప్రక్కప్రక్కగా నడచుట అందరును చూచిరి. 1852లో ఆ రెండును కనబడెను. ఆ పిదప అది మరల కనబడలేదు.

1872 నవంబరు 27న భూమి ఆ తోకచుక్క నడచు త్రోవను దాటుచుండగా ఆకాశమునుండి ఉల్కలు వర్షమువలె రాలెను. బియెలా తోకచుక్క భూమిని రాచుకొని పోయినదని జర్మనీలోని క్లింకర్ ఫ్యూస్ అను శాస్త్రజ్ఞుడు తలంచెను. అట్లయినచో అది దక్షిణాకాశమున ఫలానాచోట కనబడవలెనని మద్రాసు ప్రభుత్వ వేధశాల అధికారి పాగ్సన్ కు తంతి పంపెను. పాగ్సన్ వెదకి, డిసెంబరు 2, 3 తేదీలలో నిజముగానే ఒక తోకచుక్కను చూచెను. తరువాత ఆకాశము అనుకూలింపలేదు. మూడవ కొలత లభింపలేదు.

చెప్పిన దిక్కున వెదకగా తోకచుక్క దొరకినది. సామాన్యులు ఇంతకుమించిన రుజువేల అందురు. కాని శాస్త్రజ్ఞులు అట్లనలేదు. లెక్కలు పరిశీలించి, అది బియెలా తోకచుక్క కాజాలదని తేల్చిరి. రెండు రాత్రుల కొలతలతో దాని కక్ష్యను నిర్ణయించుట సాధ్యము కాలేదు. కావున నేటికిని అది కక్ష్య తెలియని తోకచుక్కల పట్టికలోనే ఉన్నది. బియెలా తోకచుక్క నశించినవాని జాబితాలో చేరినది. పాగ్సన్ శ్రమ వ్యర్థమైనదనరాదు. తాను చూచినదానిని చూచినట్లుగా వ్రాసియుంచుటచేతనే తరువాతివారికి నిజానిజములు తేల్చుటకు వీలు కలిగినది.

తప్పిపోయి దొరకినది

పాత దస్తావేజు సరిగా చదివినచో తప్పిపోయినది మరల దొరకును. 1862లో కనబడిన స్విఫ్ట్-టటిల్ తోకచుక్క 1980 ప్రాంతమున రావలసియుండెను, రాలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు మార్స్ డెన్ పాత వ్రాతలను పరిశీలించి, 1737లో చైనాలోని పెకింగు నగరమునుండి కెగ్లర్ అను మతాచార్యుడు చూచినది ఇదియే కావచ్చునని, అట్లయినచో 1992లో రాగలదని చెప్పెను. 1992 సెప్టెంబరులో జపాను దేశస్థుడైన కియూచీ దుర్భిణితో దానిని కనుగొనెను. ఆయన వృత్తిచేత శాస్త్రజ్ఞుడు కాడు. 255 సంవత్సరముల నాటి వ్రాత ఇట్లు సార్థకమైనది.

హేలీ తోకచుక్క 1986లో రాకముందే, 1982 అక్టోబరు 16న, అమెరికాలోని పాలోమార్ పర్వతముపైనున్న 200 అంగుళముల దూరదర్శినితో దానిని గుర్తించిరి. అప్పుడది సూర్యునికి సుమారు 165 కోట్ల కిలోమీటర్ల దూరమున, శనిగ్రహ కక్ష్యకు ఆవల నుండెను. అది గణితము చూపిన చోటికి మిక్కిలి సమీపముననే దొరకెను. 1986 మార్చిలో యూరపువారి జొట్టో నౌక దాని ముద్దకు సుమారు 600 కిలోమీటర్ల చేరువకు పోయి ఛాయాచిత్రములు తీసెను.

భయమునకు కారణము కలదా?

1910లో హేలీ తోకచుక్క తోకలో విషవాయువు కలదని తెలిసి, మే మాసమున భూమి ఆ తోకగుండా పోవునన్న వార్త ప్రబలగా, విద్యావంతులున్న దేశములలో సైతము అనేకులు బెదరిరి. అమెరికాలో కొందరు వర్తకులు తోకచుక్క మాత్రలని అమ్మి ధనమార్జించిరి. మే 18, 19 తేదీలు గడచిపోయెను. ఎవరికిని ఏ హానియు కలుగలేదు. తోకలోని వాయువు మనము పీల్చు గాలికంటె ఎన్నో రెట్లు పలుచనిది. భయము వలన నష్టపడినది మాత్రలు కొన్నవారే.

వానలు, పంటలు, రోగములు తోకచుక్క రాకపై ఆధారపడియుండవు. అయితే ప్రజలకు భయము కలిగినపుడు వారిని పరిహసించుట పంచాయతీ సభ్యులకు తగదు. పది సంవత్సరముల ముందే తేదీ చెప్పగలిగిన వస్తువు మన గ్రామముపై కోపించి వచ్చినది కాదని నెమ్మదిగా నచ్చజెప్పవలెను. శాంతులపేర, తాయెత్తులపేర పేదల వద్ద సొమ్ము గుంజువారుండిన వారి విషయమున జాగరూకత వహింపవలెను.

సభ్యులు చేయదగిన కార్యములు

తోకచుక్క వార్త వచ్చినపుడు మొదట పాఠశాల ఉపాధ్యాయులను, సమీప కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకులను సంప్రదింపవలెను. కనబడినది తోకచుక్కయో కాదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. విమానమైనచో నిమిషములలో దాటిపోవును. ఉల్కయైనచో క్షణమున రాలిపోవును. తోకచుక్క ఆ రాత్రి నక్షత్రములతోపాటు ఉదయించి అస్తమించును. మరుసటి రాత్రికి నక్షత్రముల నడుమ కొంచెము చోటు మారును.

బాలబాలికలచేత తేదీ, గంట, దిక్కు, దగ్గరనున్న నక్షత్రముల పటము వరుసగా మూడు నాలుగు రాత్రులు వ్రాయించి, ఆ పుస్తకమును పాఠశాలలో భద్రపరుపవలెను. సూర్యుడు ఆకాశముననున్నపుడు దుర్భిణితో ఆ వైపు చూడరాదని వారికి తప్పక చెప్పవలెను, కన్నులు చెడును.

పంచాయతీ తీర్మానముల పుస్తకమును శ్రద్ధగా వ్రాయుట, దానిని చెడకుండ దాచుట ఎంత ముఖ్యమో సభ్యులకు వేరుగా చెప్పనవసరము లేదు. నేడు వ్రాసిన పంక్తి రేపటి వివాదమున సాక్ష్యమగును. తోకచుక్కల శాస్త్రమంతయు ఇట్టి శ్రద్ధపైననే నిలచియున్నది. ఒకరు చూచి వ్రాసిరి, ఒకరు లెక్క కట్టిరి, ఇంకొకరు వేచియుండి సరిచూచిరి. వీరిలో పలువురు ఒకరినొకరు ఎరుగరు. కొందరి నడుమ శతాబ్దముల ఎడము కలదు.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరులో నెప్ట్యూన్ గ్రహ కక్ష్యకు ఆవలనున్న తన దూరపు మలుపును తిరిగినది. ఇప్పుడది మనవైపు మరలి వచ్చుచున్నది. 2061 జూలై 28న సూర్యుని సమీప స్థానమును చేరునని గణితము చెప్పుచున్నది. నేడు మన ప్రాథమిక పాఠశాలలలో చదువుచున్న బిడ్డలు ఆనాటికి గ్రామ పెద్దలై యుందురు. ఆకాశమున దానిని చూపి, ఇది ఫలానాది, ఇందుకు ఇది ఆధారమని వారు తమ గ్రామమునకు చెప్పగలుగునట్లు వారికి నేడే చూచుట, వ్రాయుట, సరిచూచుట నేర్పుట మన విధి.